ముందు అడగవలసింది

నరసాపురం నుంచి మొగల్తూరు వెళ్ళే దారిలో ఏ గుమ్మం ముందైనా ఆగి "లేసు లోవమ్మ ఇల్లెక్కడండి?" అని అడిగితే, ఊరికే చెయ్యి చూపించి వదిలేసేవాళ్ళు ఉండరు. "ఆవిడ ఇప్పుడు ఇంట్లో దొరకదండి. ఇవాళ మంగళవారం కదా, రొయ్యల చెరువుల అవతల వీధికి దారం పంచడానికి వెళ్ళుంటుంది" అని కూడా చెప్తారు. ఏ వారం ఎక్కడుంటుందో జనం నోటికొచ్చేంత పేరు ఆ ఊరి సర్పంచికి కూడా లేదు.

అరవై ఏడేళ్ళ మనిషి. చువ్వలా ఉంటుంది. కుడి దవడ పన్ను ఒకటి ఆరు నెలలుగా సలుపుతున్నా పీకించుకోదు. "ముప్ఫై రెండూ నావే. ఒకటి తీసుకెళ్ళి డాక్టరుకెందుకివ్వాలి?" అంటుంది. పన్ను సలిపినా మాటకి పదును మాత్రం తగ్గలేదు.

ఆవిడ చేసే పని ఇదీ. నరసాపురంలో వెంకటపతిరాజుగారి లేసు కంపెనీ నుంచి దారం తీసుకెళ్ళి నూట ఇరవై ఆరు మంది ఆడవాళ్ళకి పంచుతుంది. వాళ్ళు అల్లినవి పోగుచేసి మళ్ళీ కంపెనీకి చేరుస్తుంది. చేతిపని వాళ్ళు ఒక్కొక్క పువ్వూ విడిగా అల్లుతారు. అతుకుపని వాళ్ళు ఆ పూలన్నీ కలిపి దుప్పట్లు, బల్లగుడ్డలు చేస్తారు. ఎవరిది బిగువు చెయ్యో, ఎవరిది వదులు చెయ్యో లోవమ్మ కళ్ళు మూసుకుని పువ్వు తడిమి చెప్పేస్తుంది. "ఇది అల్లిన రోజు మొగుడితో దెబ్బలాడింది, చూడండి ఎంత బిగించేసిందో" అని కూడా అంటుంది. ఆ మాట ఇంతవరకు తప్పలేదు.

చదువు సంగతంటారా, రెండో తరగతి. ఆ మాట తలొంచుకుని చెప్పే రకం కాదు. ఏడేళ్ళ పిల్లప్పుడు పంతులుగారి కుర్చీ వీపుకి లేసు ముక్కొకటి అల్లి తీసుకెళితే, ఆయన ముచ్చటపడి "ఇంక నీకు నేను నేర్పేదేముందే!" అన్నాడట. ఆయన సరదాకే అన్నాడు. లోవమ్మ సరదాగా తీసుకోలేదు. పలక చంకన పెట్టుకుని ఇంటికొచ్చేసి, "పంతులే ఒప్పేసుకున్నాడు, మధ్యలో నీకేంటి?" అని తల్లితో వాదించింది.

పంపకం పని చేతికొచ్చి ముప్ఫై ఒక్కేళ్ళయింది. మొదట్లో అంతా నడకే. ఏ ఇంటికెళ్ళినా "పూలు అయ్యాయా?" అని అడుగుతూ లోపలికి రాదు. ముందు అరుగు మీద కూర్చోవాలి, మజ్జిగ తాగాలి, ఆ ఇంటి ముసలాయన దగ్గు సంగతి కనుక్కోవాలి, దూడ గడ్డి తింటోందా లేదా చూడాలి. ఆ తరవాతే పని. కూర్చోకుండా పని అడిగేస్తే మనిషిని దారపుండని చూసినట్టు చూడడమేనని ఆవిడ లెక్క. ఫోను కొనుక్కున్నాక నడక తగ్గింది గాని ఈ పద్ధతి తగ్గలేదు. మజ్జిగొక్కటే పోయింది.

అయితే లేసు అల్లే ఆడవాళ్ళలో చాలామందికి సొంత ఫోను లేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ మొగుడితో పాటు రొయ్యల చెరువు గట్టుకి పోతుంది, లేకపోతే కాలేజీకి వెళ్ళే కూతురి సంచిలో ఉంటుంది. అందుకని పక్కింటావిడ నంబరో, కొట్టాయన నంబరో ఇస్తారు. లోవమ్మ ఆ నంబర్లన్నిటికీ ఒక్కో అక్షరం వెతుక్కుని తానే పేర్లు కొట్టుకుంది. 'ప్రిస్కిల్లా గోడవతల సత్యశ్రీ.' 'చంద్రరావు గేదెలపాక వెంకటదుర్గ.' 'కొట్టు ఎదర మాణిక్యాంబ.' ముందు ఫోను ఎవరిదో ఉంటుంది, మధ్యలో దారి, చివర అసలు మనిషి. తన మొగుడి నంబరు మాత్రం ఒక్క ముక్కలో 'ఇల్లు' అని పెట్టుకుంది.

ఇలా నడుస్తుండగా రాజుగారి కోడలు నాగశ్రీ ఆఫీసు చూసుకోవడం మొదలుపెట్టింది. విశాఖపట్నంలో ఎంబీఏ చదివిన పిల్ల. మంచిదే. మనిషి కనిపిస్తే నవ్వుతుంది. కాకపోతే పనిలో దిగిందంటే ఊపిరి కూడా ఆపి దిగుతుంది.

ఒకరోజు లోవమ్మ పూల సంచీ దించుతుండగానే నాగశ్రీ చెయ్యి చాపింది.

"లోవమ్మగారూ, మీ ఫోనొకసారి ఇవ్వండి. కాంటాక్ట్స్ అన్నీ ఎక్స్‌పోర్ట్ చేసేద్దాం."

"ఎక్స్‌పోర్టా అండి?" లోవమ్మ సంచీ అక్కడే ఆపింది. "దుప్పట్లు ఎక్స్‌పోర్ట్ చేస్తారని తెలుసు గాని, మా ఆడాళ్ళని కూడా పంపించేస్తారా? ఏ దేశమండి?"

లోపలి గదిలోంచి రాజుగారి నవ్వు వినపడింది. ఆయన బయటికొచ్చి, "దేశం కాదమ్మా, ఇదిగో ఈ కంప్యూటర్లోకి. కోడలు అడ్రసు బుక్కు తయారు చేస్తోంది. ఇంక నువ్వు ఎండలో ఊళ్ళంట పడి తిరగక్కర్లేదు. ఆఫీసు నుంచే ఫోన్లు చేసేస్తాం, వ్యాను వెళ్ళి సరుకు తెచ్చేస్తుంది. నువ్వు హాయిగా కూర్చో" అన్నారు.

లోవమ్మ పన్ను ఒక్కసారి జిల్లుమంది.

హాయిగా కూర్చోవడమంటే ఏంటో ఆవిడకి బాగా తెలుసు. వాళ్ళ వీధిలో అలా హాయిగా కూర్చున్న ముసలమ్మలు నలుగురున్నారు. అన్నం పెడతారు, చీరలు కొంటారు, ఏ లోటూ చెయ్యరు. ఏ సంగతీ మాత్రం వాళ్ళనడగరు. లోవమ్మ గుమ్మంలోకి వస్తే నూట ఇరవై ఆరు ఇళ్ళవాళ్ళు పీట వేస్తారు. ఆ పీటలన్నీ ఒక్క తీగలోంచి కంప్యూటర్లోకి వెళ్ళిపోతాయన్నమాట.

అలాగని ఫోను ఇవ్వనంటే భయపడిందనుకుంటారు. భయపడిందని అనిపించుకోవడం ఆవిడ వల్ల కాదు. బొడ్లో దోపుకున్న ఫోను తీసి, కొంగుతో తుడిచి మరీ ఇచ్చింది.

నాగశ్రీ తీగ తగిలించింది, ఏవో నొక్కింది. నిమిషం కూడా పట్టలేదు.

"అయిపోయిందండి. మొత్తం డెబ్భై ఒకటి."

"నూట ఇరవై ఆరు ఉండాలండి."

"డూప్లికేట్లు తీసేసిందండి. ఒకే నంబరు నాలుగు పేర్లతో ఉంటే, ఒకళ్ళే అనుకుని కలిపేస్తుంది."

"కలిపేసిందా? ప్రిస్కిల్లా ఫోనుకి నలుగురు ఆడాళ్ళు మాట్లాడతారండి. నలుగుర్నీ కలిపి ఒక్క మనిషిని చేసిందా?" లోవమ్మ కంప్యూటరు వైపు వంగి చూసింది. "మీ మిషనుకి అతుకుపని వచ్చు గాని సరిగ్గా రాదండి. అతుకు కనపడకుండా వెయ్యాలి. ఇది మనుషులే కనపడకుండా వేసేసింది."

నాగశ్రీ మొహం ఎర్రబడింది. మధ్యాహ్నమంతా కూర్చుని విడివిడిగా మళ్ళీ నూట ఇరవై ఆరూ ఎక్కించింది. ఎక్కిస్తూ గోడలు, పాకలు, కొట్లు అన్నీ చెరిపేసింది. "పేరుంటే చాలదా అండి? చూడ్డానికి నీట్‌గా ఉంటుంది" అంది. లోవమ్మ ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఆ గురువారం ఒక దుప్పటికి అంచు మార్చమని కొనేవాళ్ళ దగ్గర్నుంచి కబురొచ్చింది. శనివారానికల్లా పంపాలి. ఆ అంచు అంత సమంగా వచ్చేది సత్యశ్రీ చేతికొక్కటే. నాగశ్రీ అడ్రసు బుక్కు తెరిచి, సత్యశ్రీ అన్న పేరు వెతికి, స్పీకరు పెట్టి ఫోను చేసింది. ఎదర చాప మీద కూర్చుని లోవమ్మ పూలు లెక్కపెడుతోంది.

"హలో, సత్యశ్రీగారాండి?"

"కాదండి."

"సత్యశ్రీగారికివ్వండి. లేసు కంపెనీ నుంచి. కొంచెం అర్జెంటు."

"అర్జెంటైతే మీకండి, నాకేంటి? నా ఫోనుకి చేసి, నేనెవర్నో అడక్కుండా దాన్ని తెమ్మంటారేంటి? నేనేమన్నా ఫోను మోసే కూలిదాన్నా?" అని అవతల ప్రిస్కిల్లా పెట్టేసింది.

"నూట పన్నెండు, నూట పదమూడు," అంటోంది చాప మీద లోవమ్మ.

నాగశ్రీ ఊపిరి పీల్చుకుని, పోనీ ఇంకెవరైనా అల్లుతారేమోనని ఇంకో నంబరు చేసింది. "వెంకటదుర్గగారాండి?"

"నా గొంతు వెంకటదుర్గలా ఉందాండి?" అన్నాడు చంద్రరావు. అరవై ఏళ్ళవాడు, బొంగురు గొంతు. అవతల గేదె కూడా ఏదో అంది.

కొట్టాయన కొంచెం మర్యాదస్తుడు. "మాణిక్యాంబా? ఆయ్, ఉందండి. ఎదరే బట్టలారేత్తంది."

"ఒకసారి పిలుస్తారా అండి?"

"బేరం ఉందండి" అని మర్యాదగానే పెట్టేశాడు.

మధ్యాహ్నానికి ఇరవై రెండు ఫోన్లయ్యాయి. దొరికింది ఇద్దరు. అందులో ఒకావిడ లేసు మానేసి ఏడాదైంది. నాగశ్రీ కుర్చీలోంచి లేచొచ్చి చాప అంచున కూర్చుంది.

"మీరొకసారి చేస్తారా అండి?"

"నన్ను హాయిగా కూర్చోమన్నారండి రాజుగారు. రెండొందల ఏడు, రెండొందల ఎనిమిది..."

కాని ఆ అంచు పని చెయ్యి దాటిపోతే నష్టపోయేది సత్యశ్రీ. ఆ సంగతి గుర్తొచ్చి లోవమ్మ పూలు పక్కన పెట్టి ఫోను తీసింది.

"ఏవమ్మా ప్రిస్కిల్లా వదినా, మోకాలెలా ఉంది?"

"ఏం చెప్పమంటావొదినా! మొన్న చర్చిలో మోకాళ్ళ మీద కూర్చున్నానా, ప్రార్థన అయిపోయింది, అందరూ లేచారు, నేను లేవలేదు. భక్తి ఎక్కువైందనుకున్నారు. పాస్టరుగారి భార్యొచ్చి లేవదీసింది."

"ఆముదం వెచ్చచేసి రాయమన్నాను కదే?"

"రాశాను. పడుకుంటే పిల్లి వచ్చి నాకేసింది."

"అయితే పిల్లికి తగ్గుంటుందిలే, దాన్నడుగు."

అవతలా ఇవతలా ఒకటే నవ్వు. ఆ నవ్వు ఆగాక లోవమ్మ, "గోడవతల సత్యశ్రీ ఉందేమో, ఓ కేకెయ్యి తల్లీ" అంది.

"కేకెందుకు, నేనే తీసుకెళ్ళిత్తానుండు."

లేవలేని మోకాలితో ప్రిస్కిల్లా గోడ చుట్టూ తిరిగెళ్ళి సత్యశ్రీ చేతికి ఫోనిచ్చింది. నాగశ్రీ గడియారం చూసుకుంది. ఆరు నిమిషాలు. తరవాత ఏదో తట్టినట్టు గబగబా వెళ్ళి కంప్యూటర్లో పేరు, నంబరు పక్కన కొత్తగా ఇంకో గడి చేర్చింది. దాని పైన 'ముందు అడగవలసింది' అని కొట్టింది.

"చెప్పండి లోవమ్మగారూ. ఒక్కొక్కళ్ళకీ ఏమడగాలి?"

రెండు రోజులు చెప్పింది లోవమ్మ. ప్రిస్కిల్లాకి మోకాలు. చంద్రరావుకి చూడిగేదె. కొట్టాయనకి పాలకొల్లు ఆసుపత్రిలో తీసిన కంటి పొర. ఇంకొకావిడకి కోడలి నెలలు, ఇంకొకాయనకి మేడ మీద ఆగిపోయిన గది. నాగశ్రీ కళ్ళు పెద్దవి చేసుకుని "ఇవన్నీ మీకెలా గుర్తుంటాయండి!" అన్నప్పుడల్లా లోవమ్మ ఇంకో రెండు ఎక్కువ చెప్పింది. మధ్యలో ఒకసారి, చంద్రరావుకి గేదె బదులు మేకని చెప్పేస్తే పోలా అని నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది. తప్పు చెప్పిందన్న పేరు ఆవిడకొద్దు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి కంచం ముందు ఊరికే కూర్చుంటే మొగుడు "పన్నా?" అన్నాడు. "పన్నే" అంది.

మొదటి వారం అమోఘంగా నడిచింది. కంపెనీ చిన్నమ్మగారు ఫోను చేసి మోకాలు అడిగిందని ప్రిస్కిల్లా నాలుగిళ్ళలో చెప్పుకుంది. లోవమ్మ ఇంటి దగ్గర కూర్చుంది. హాయిగా ఏం లేదు. ఫోను మోగుతుందేమోనని స్నానానికి కూడా పక్కన పెట్టుకెళ్ళింది. మోగలేదు.

రెండో వారం సోమవారం నాగశ్రీ "మోకాలెలా ఉందండి?" అంది. మంగళవారం కూడా "మోకాలెలా ఉందండి?" అంది. బుధవారం మళ్ళీ అదే మాట, అదే రాగం. ప్రిస్కిల్లాకి అనుమానమొచ్చి కొట్టుకెళ్ళి అడిగితే, కొట్టాయన "నన్ను రోజూ కన్నడుగుతున్నారండి" అన్నాడు. గురువారం పొద్దున్నే చంద్రరావుకి ఫోను వెళ్ళింది. "గేదె ఈనిందాండి?" గేదె ఆదివారమే ఈనింది. దూడ రెండు రోజులు బతికి చచ్చిపోయింది. చంద్రరావు పలకలేదు. నాగశ్రీ వినపడలేదనుకుని ఇంకోసారి, ఇంకొంచెం హుషారుగా అడిగింది.

ఆ మధ్యాహ్నమే ప్రిస్కిల్లా కుంటుకుంటూ లోవమ్మ గుమ్మంలోకి వచ్చింది. పీట వేసినా కూర్చోలేదు.

"నా మోకాలు కంప్యూటర్లో ఎందుకుంది లోవమ్మా?"

వదినా అనలేదు. ముప్ఫై ఒక్కేళ్ళలో మొదటిసారి.

"అది కాదే..."

"చంద్రరావు దూడని పాతిపెట్టొచ్చి కూర్చుంటే ఈనిందా, ఈనిందా అని రెండుసార్లడిగారంట. నువ్వడిగితే మామీద ఆపేక్షనుకున్నాం. పాఠమన్నమాట. వాళ్ళకి కూడా అప్పజెప్పావు."

"పాఠం కాదే ప్రిస్కిల్లా."

"మరి రాయించిందేంటి?"

ప్రిస్కిల్లా కొంగు దులుపుకుని కుంటుకుంటూ వెళ్ళిపోయింది.

లోవమ్మ చెప్పులేసుకుని, దొరికిన ఆటో ఎక్కి, తిన్నగా నరసాపురం ఆఫీసులో దిగింది. పూల సంచీ లేకుండా ఆవిడ రావడం చూసి రాజుగారు కూడా లేచొచ్చారు.

"ఆ గడి తీసెయ్యండి చిన్నమ్మగారు" అంది లోవమ్మ.

నాగశ్రీ మొహం అప్పటికే వాడిపోయి ఉంది. "నాకు తెలియదండి, ఆ దూడ సంగతి. నిజంగా..."

"మీకెలా తెలుస్తుందండి? తప్పు నాది. నా దగ్గర ఎంతుందో చూడండని గొప్పకి పోయి చెప్పాను. మీరు కళ్ళు పెద్దవి చేసేకొద్దీ ఇంకా చెప్పాను. వాళ్ళు నాకు చెప్పుకున్నారు గాని రాసుకోమని చెప్పలేదండి."

రాజుగారు సర్దబోయారు. "అలా కాదు లోవమ్మా. వారానికోసారి నువ్వొచ్చి కొత్త సంగతులు చెప్పావనుకో, కోడలు మారుస్తూ ఉంటుంది..."

"చచ్చిన దూడని ఏ గడిలో రాయిస్తారండి రాజుగారు?"

రాజుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తుడవడానికి దాని మీద ఏమీ లేదు.

నాగశ్రీ ఆ గడి మొత్తం ఎంచి నొక్కింది. కంప్యూటరు ఏదో అడిగింది.

"ఏమంటుందండి?"

"నిజంగా తీసెయ్యమంటారా అని."

"పర్లేదు, ఒక్కసారైనా ముందడుగుతోంది" అంది లోవమ్మ.

గడి పోయింది. నాగశ్రీ కాసేపు ఆలోచించింది. ఆ తరవాత ఎవరూ చెప్పకుండానే చకచకా ఏదో కొట్టడం మొదలుపెట్టింది. చెరిపేసిన గోడలు, పాకలు, కొట్లు అన్నీ మళ్ళీ పేర్లలోకి వచ్చాయి. నంబర్లు మాత్రం పోయాయి. నూట ఇరవై ఆరు పేర్ల పక్కనా ఒక్కటే నంబరు నిలబడింది. లోవమ్మ ఆ పది అంకెలూ చూసి, ఎక్కడో చూసినట్టుందే అనుకుని, తనదేనని గుర్తుపట్టింది.

కంప్యూటరు మళ్ళీ అడిగింది.

"ఇప్పుడేమంటుంది?"

"నూట ఇరవై ఆరు డూప్లికేట్లున్నాయి, కలిపెయ్యనా అంటోందండి."

"కలిపితే ఏమవుతుంది?"

"అందరూ కలిసి మీరొక్కరే అయిపోతారు."

ఆ మాట లోవమ్మకి ఒక్క క్షణం బాగానే ఉంది. అబద్ధమెందుకు, రెండు క్షణాలు బాగుంది. ఆ తరవాత ప్రిస్కిల్లా మొహం గుర్తొచ్చింది.

"వద్దనండి. ఎవరి గోడ వాళ్ళకుండనీండి."

నాగశ్రీ 'వద్దు' నొక్కింది. రాజుగారు వ్యాను సంగతి మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు లోవమ్మ చంద్రరావు పాక దగ్గరికి నడిచే వెళ్ళింది. ఏమీ అడగలేదు. చాలాసేపు గేదె మెడ మీద చెయ్యేసి నిలబడింది. చంద్రరావు మజ్జిగ తెచ్చిచ్చాడు. అక్కణ్ణించి ప్రిస్కిల్లా గుమ్మానికెళ్ళి, ఎవరూ పీట వెయ్యకపోతే తానే లాక్కుని కూర్చుంది. ప్రిస్కిల్లా చింతపండు పిక్కలు తీస్తోంది. లోవమ్మ కూడా ఒక దోసెడు ఒళ్ళోకి తీసుకుని పిక్కలు తియ్యడం మొదలుపెట్టింది. సగం గంప అయింది.

చివరికి ప్రిస్కిల్లాయే ఆగలేకపోయింది. "ఏం, ఇవాళ మోకాలడగవా?"

"కంప్యూటర్లోంచి తీసేశారు. ఇంక నాకెలా గుర్తుంటుందే?"

ప్రిస్కిల్లా చేతిలో ఉన్న పిక్క తీసి లోవమ్మ మీదకి విసిరింది. "నీ నోరు పడిపోను, వదినా" అంది.

సోమవారం పొద్దున్న లోవమ్మ ఫోను మోగింది. నాగశ్రీ.

"లోవమ్మగారూ, పన్నెలా ఉందండి?"

లోవమ్మ ఫోను చెవి మార్చుకుంది. "ఎక్కడన్నా రాసుకుని అడుగుతున్నారా చిన్నమ్మగారు?"

"లేదండి! మొన్న ఇక్కడ జంతిక పెడితే ఎడమవైపే నమిలారు కదా, అందుకని."

గుమ్మంలో ఎండ పొద్దున్నే చురుక్కుమంటోంది.

"సలుపుతోందండి" అంది, ఆ పన్ను గురించి బయటివాళ్ళకి మొదటిసారి ఒప్పుకుంటూ. "రాత్రి మరీను. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే కాస్త..." అని మొదలుపెట్టి పన్ను సంగతి మొత్తం, చిన్నప్పుడు దాని పక్క పన్ను ఊడిన దగ్గర్నుంచి చెప్పుకొచ్చింది. నాగశ్రీ మధ్యలో ఒక్కసారి కూడా అర్జెంటనలేదు.

"సర్లెండి," అంది లోవమ్మ అంతా అయ్యాక, చెప్పుల కోసం కాలితో వెతుక్కుంటూ. "ఇప్పుడు చెప్పండి. ఎన్ని పూలు కావాలి?"